దుఖాన్ క్లబ్బులో చూసిన జపాన్ పెద్దల పోటీ

ఖతార్‌కు పోబోయే పిల్లలు వీసా చేతికి రాగానే మా ఇంటికి వస్తుంటారు. నేను అక్కడ చాలాకాలం పనిచేసి, రిటైరై ఆర్మూరు పక్కన ఉంటున్నానని వాళ్ళకు ఎవరో చెబుతారు. ఎండలు ఎట్లా ఉంటాయి, క్యాంపులో తిండి ఎట్లా ఉంటుంది, ఫోర్‌మన్ తిడతాడా అని అడుగుతారు. నాకు తెలిసినంత చెబుతాను. టీ తాగి వెళ్ళిపోతారు. వాళ్ళు అడగనిది, నేను చెప్పనిది ఒకటి ప్రతిసారీ మిగిలిపోతుంది. మనతో ఒకే గదిలో పడుకుని, ఒకే బస్సులో డ్యూటీకి వచ్చి, మన గిన్నెలోంచి కూర వేసుకుని తినే మనిషి మనకంటే ఒక మెట్టు పైకి పోతే కడుపులో ఏమవుతుందో ఎవరూ ముందుగా చెప్పరు. నాకూ చెప్పలేదు. అందుకే ఇక్కడ రాస్తున్నాను.

ఖతార్‌లో దుఖాన్ అనే ఊళ్ళో నేను ఇన్‌స్ట్రుమెంట్ సూపర్‌వైజర్‌గా ఉండేవాణ్ణి. గ్యాస్ ప్లాంటులో పైపుల లోపల ఏం జరుగుతోందో కంటికి కనబడదు. ఒత్తిడి ఎంత, వేడి ఎంత అన్నది మీటర్లు చెప్పాలి. ఆ మీటర్లు నిజం చెబుతున్నాయా లేదా అని చూడడం మా సెక్షన్ పని. మెయింటెనెన్స్ కాంట్రాక్టు ఒక జపాన్ కంపెనీది. మా మేనేజర్ కూడా జపాన్ ఆయనే. సన్నగా, నిటారుగా ఉండేవారు. మనం ‘గారు’ అన్నట్టు, మా పేర్ల చివర ‘సాన్’ అని తగిలించి పిలిచేవారు. కోపం వస్తే గొంతు ఇంకా తగ్గేది. మేం తిట్లకు అలవాటుపడ్డవాళ్ళం కాబట్టి ఆ తగ్గిన గొంతుకే ఎక్కువ భయపడేవాళ్ళం.

స్టాఫ్ క్వార్టర్ల మధ్య ఒక క్లబ్బు ఉండేది. క్యారమ్ బోర్డు, టేబుల్ టెన్నిస్, గోడకు పెద్ద టీవీ, చాయ్ పెట్టే మలయాళీ మనిషి. శుక్రవారాలు మేనేజర్ గారు అక్కడికి ఒక చెక్క బల్ల పట్టుకొచ్చి, మూల టేబుల్ దగ్గర ఒక్కరే కూర్చుని నల్లరాళ్ళు, తెల్లరాళ్ళు పెట్టుకుంటూ ఉండేవారు. చాలా వారాలు చూశాక ఒకరోజు నేను దగ్గరికి పోయి ఇదేం ఆట అని అడిగాను. ఆయన మొహం వెలిగిపోయింది. ఎదుటి కుర్చీ చూపించారు.

గో అంటారు దాన్ని. బల్ల నిండా అడ్డగీతలు, నిలువుగీతలు. గీతలు కలిసేచోట ఒకరు నల్లరాయి పెడితే, ఒకరు తెల్లరాయి పెట్టాలి. పెట్టిన రాయిని ఇక కదపకూడదు. ఎదుటివాడి రాళ్ళ చుట్టూ ఖాళీ లేకుండా మూసేస్తే వాటికి ఊపిరాడక చచ్చినట్టే, బల్ల మీంచి తీసేయాలి. ఆఖరుకు ఎవరు ఎక్కువ జాగా చుట్టుకుంటే వాళ్ళు గెలిచినట్టు. చుట్టూ కంచె వేసుకుని జాగా కాపాడుకోవడమంటే మనవాళ్ళకు చెప్పాల్సిన పని లేదు. నాకు మొదటిరోజే పట్టుకుంది.

ఫోన్‌లో మా ఆవిడకు చెబితే, "దుబాయ్ పోయి గోటీలాడుతున్నవా? ఇంకెవ్వలకు చెప్పకు, నగుతరు" అంది. ఖతార్ అని ఎన్నిసార్లు చెప్పినా ఆమెకు అది దుబాయే.

రెండేళ్ళు ఆ మూల టేబుల్ నాది. ఆ మాట రాస్తుంటే ఇప్పటికీ ఛాతీ కొంచెం ముందుకొస్తుంది. మిగతావాళ్ళంతా మేనేజర్‌ను ఆఫీసులో చూసేవాళ్ళు. నేను ఆయన ఎదురుగా కూర్చుని చాయ్ తాగేవాణ్ణి. నేను ఎప్పుడూ గెలవలేదు. ఆయన నాకు ముందే కొన్ని రాళ్ళు బల్ల మీద పెట్టుకోనిచ్చి ఆడేవారు, అయినా ఓడిపోయేవాణ్ణి. అది నాకు ఏమంత బాధగా ఉండేది కాదు. ఇంగ్లీషులో ఉన్న పుస్తకాలు తెప్పించుకుని చదివాను. డ్యూటీ నుంచి వచ్చి స్నానం చేసి, పుస్తకంలో ఇచ్చిన చిక్కులు విప్పుకుంటూ కూర్చునేవాణ్ణి.

అప్పుడు మా సెక్షన్‌లోకి భాయ్ వచ్చాడు.

భాయ్‌ది బోధన్. మా జిల్లావాడే, నాకంటే చిన్నవాడు. తెలుగు నాకంటే బాగా మాట్లాడతాడు, మధ్యలో దక్కనీ కలుపుతాడు. ఒకే జిల్లా అని క్యాంపు బాస్ మమ్మల్నిద్దర్నీ ఒకే గదిలో వేశాడు. మంచి మనిషి. వండడం వచ్చు, ఎదుటివాడి జ్వరం గుర్తుపట్టడం వచ్చు, పాకిస్తానీ డ్రైవర్లతో పోట్లాట రాకుండా మాట్లాడడం వచ్చు. శుక్రవారం నమాజు చేసుకుని వచ్చి, నేను క్లబ్బుకు బయల్దేరుతుంటే, "అన్నా, నేను గూడ వస్త. ఊకె కూసుని ఏం చేసుడు?" అన్నాడు. తీసుకుపోయాను. ఆట నేర్పింది నేనే.

మూడో వారానికి నన్ను ఓడించాడు.

ఓడించడం కాదు నాకు మండింది, ఓడించిన తీరు. నేను ఒక్కో రాయికి చెమటలు పట్టి ఆలోచించేవాణ్ణి. అతను నారింజపండు వొలుచుకుంటూ ఆడేవాడు. ఇంటి నుంచి ఫోన్ వస్తే భుజానికీ చెవికీ మధ్య ఇరికించుకుని, "హా బేటా, స్కూల్‌ల ఏం చెప్పిండ్రు?" అని కూతురితో మాట్లాడుతూనే రాయి పెట్టేవాడు. పెట్టిన రాయి చూస్తే, అరగంట ఆలోచించినా నాకు తట్టని చోటు. చూపుడువేలు, నడిమివేలు మధ్య పట్టి బల్ల మీద టక్కుమని దించేవాడు. మేనేజర్ గారు కూడా అట్లాగే పెట్టేవారు. నేను ఎంత ప్రయత్నించినా నా రాయి జారి పక్కకు దొర్లేది. ఆ టక్కు అన్న శబ్దం గదిలో నిద్రపోయేటప్పుడు కూడా నాకు వినిపించేది.

కొన్ని నెలలకు మేనేజర్ గారు భాయ్‌కి ఇచ్చే ముందస్తు రాళ్ళు తగ్గాయి. నాకిచ్చేవి తగ్గలేదు. శుక్రవారం మేనేజర్ గారు వచ్చి మొదట చూసేది భాయ్ వచ్చాడా అని. నేను కుర్చీ కొంచెం పక్కకు జరుపుకునేవాణ్ణి. ఒకసారి చాయ్ మనిషి, "చేట్టా, మీరు ఇప్పుడు ఆడడం లేదా?" అని అడిగాడు. చేట్టా అంటే వాళ్ళ భాషలో అన్న. "చూస్తున్న" అన్నాను. ఆ రోజు చాయ్ చేదుగా ఉందని అతన్ని ఊరికే కసురుకున్నాను.

మేనేజర్ గారు ఆట మధ్యలో ఒక పోటీ సంగతి చెప్పేవారు. జపాన్‌లో ఈ ఆట వృత్తిగా ఆడేవాళ్ళుంటారు. చిన్నప్పుడే గురువు దగ్గర చేరి, వయసు దాటకముందే పరీక్షలాంటి ఆటలు నెగ్గితే ఆటగాళ్ళవుతారు. అయ్యాక ముసలివాళ్ళయ్యేదాకా అదే పని, అదే జీవనం. పెద్దవాళ్ళ కోసం వేరే పోటీలు పెడతారట. అరవై దాటినవాళ్ళే ఆడాలి. ఓడితే ఇంటికి, గెలిస్తే తర్వాతి ఆటకు. "కొందరు చేతికర్రతో వస్తారు. కొందరు చెవికి మెషిన్ పెట్టుకుని వస్తారు. బల్ల ముందు కూర్చున్నాక ఇరవయ్యేళ్ళవాళ్ళలా పోట్లాడుకుంటారు" అని నవ్వేవారు. ఆయన సొంత అన్నగారు అందులో ఆడతారని ఒకసారి మామూలుగా, వాతావరణం గురించి చెప్పినట్టు చెప్పారు. ఇంకేం చెప్పలేదు.

నాకు ఆ పోటీ చూడాలని పట్టుకుంది. పనిలో ఉన్నప్పుడు, ఒత్తిడి కొలిచే ట్రాన్స్‌మిటర్ విప్పి చేతిలో పట్టుకుని ఉన్నప్పుడు కూడా ఆ హాలు కళ్ళముందు కట్టేది. సూటు వేసుకున్న ముసలివాళ్ళు, నిశ్శబ్దం, టక్కుమనే రాయి. నేను చూడని దేశంలో నేను చూడని గది. ఎందుకంత కోరిక పుట్టిందో చెప్పలేను.

ఆ సంవత్సరం ప్లాంటుకు పెద్ద షట్‌డౌన్ ఉంది. అంటే ప్లాంటంతా ఆపి, విప్పి, బాగుచేసి మళ్ళీ నడపడం. దాని తర్వాత కొత్త కంట్రోల్ సిస్టమ్ పెట్టాలి. దానికోసం సెక్షన్ నుంచి ఒకరిని జపాన్‌లో హెడ్డాఫీసుకు ట్రైనింగ్‌కు పంపుతారని వార్త వచ్చింది. వెళ్ళి వచ్చినవాడు సెక్షన్ ఇన్‌చార్జి అవుతాడని ఎవరూ నోటితో అనకపోయినా అందరికీ తెలుసు. సీనియర్‌ని నేను. సర్వీసు నాది, తలకాయ నెరిసింది నాది. నన్నే పంపుతారని అందరూ అన్నారు. నేను అవునని అనలేదు, కాదనీ అనలేదు. జపాన్‌లో చలి ఎట్లా ఉంటుందో మాత్రం ఫోన్‌లో చూసుకున్నాను.

గురువారం సాయంత్రం మీటింగులో మేనేజర్ గారు భాయ్ పేరు చెప్పారు.

అందరూ చప్పట్లు కొట్టారు. నేనూ కొట్టాను. అరచేతులు ఒకదానికొకటి తగులుతున్నట్టే అనిపించలేదు. భాయ్ నా వైపు చూశాడు. నేను ఏసీ వైపు చూశాను.

గదికి వచ్చాక అతను చాలాసేపు అటూ ఇటూ తిరిగి, "అన్నా, నారాజ్ ఉన్నవా, కోపమొచ్చిందా?" అన్నాడు.

"ఎందుకుంట? మంచిగయింది గద" అన్నాను.

"నీకు ఇయ్యాల్సింది అది."

"ఇచ్చేటోళ్ళు ఇచ్చిండ్రు. నువ్వు పో."

అతను ఇంకేదో అనబోయాడు. నేను దుప్పటి లాక్కున్నాను. మనసులో ఒకటే మాట తిరుగుతోంది: గోటీలాట నేర్పింది నేను, గోటీలాటతో జపాన్ పోయింది వాడు. ఆటలో గెలిచినందుకే పంపుతున్నారు. ఇందులో నాకు అనుమానమే లేదు.

తర్వాతి వారాల్లో అతని సామాను కూడా నన్ను ఏడిపించింది. దోహాలో అల్ అజీజియా పేటలో ఉండే అతని చిన్నాన్న కొడుకు ఒక మందపాటి కోటు ఇచ్చాడు. అది మా గదిలో మేకుకు వేలాడుతూ ఉండేది. దుఖాన్ ఉక్కలో కోటు! రోజూ పొద్దున లేవగానే కనిపించేది అదే. భాయ్ స్నానానికి పోయినప్పుడు ఒకసారి వేసుకుని అద్దంలో చూసుకున్నాను. నాకు భుజాల దగ్గర సరిగ్గా సరిపోయింది. అది ఇంకా పెద్ద బాధ.

అతను వెళ్ళాడు. వెళ్ళిన వారానికి ఫోన్ చేసి, గొంతులో సంతోషం దాచుకోలేక, "అన్నా, సారు నాకు ఆ పెద్దోళ్ళ పోటీకి టికెట్ ఇప్పిచ్చిండు. సారోళ్ళ అన్న ఆట ఉన్నది శుక్రవారం. ఆఫీసు నుంచి ఒక మేడమ్ తోలుకపోతదట" అన్నాడు.

నేను "మంచిది" అన్నాను. ప్రమోషన్ పోయిందని తెలిసినప్పుడు నేను అన్నం తిన్నాను. ఆ రోజు తినలేదు.

శుక్రవారం పొద్దున నాష్టా అయ్యాక మేనేజర్ గారు మా గది తలుపు తట్టారు. ఎప్పుడూ రానివారు. "క్లబ్బు టీవీలో ఆ ఆట వస్తుంది. ఇంటర్నెట్‌లో చూపిస్తారు. మీరు వస్తారా?" అన్నారు. రానని చెబుదామనుకున్నాను. చెప్పులు అప్పటికే వేసేసుకున్నాను.

క్లబ్బులో మేమిద్దరమే. చాయ్ మనిషి రెండు గ్లాసులు పెట్టి పోయాడు. టీవీలో ఒక హాలు, ముందు ఒక వేదిక, దాని మీద బల్ల. ఒకవైపు మేనేజర్ గారి అన్నగారు. తమ్ముడి మొహమే, ఇంకో పదేళ్ళు ఎండలో పెట్టినట్టు. ఎదురుగా లావుపాటి ఆయన, మెడలో కండువాలాంటిది చుట్టుకున్నాడు. మేనేజర్ గారు తన బల్ల తెచ్చి, టీవీలో వాళ్ళు పెట్టిన ప్రతి రాయినీ మా ముందు పెడుతూ వచ్చారు. పెట్టినప్పుడల్లా ఎందుకు పెట్టారో నాకు చెబుతూ వచ్చారు. వాళ్ళిద్దరూ చిన్నప్పటి నుంచీ ఒకరికొకరు ఎదురుపడుతూనే ఉన్నారట.

కెమెరా ఒకసారి కూర్చున్నవాళ్ళ వైపు తిరిగింది. రెండో వరసలో భాయ్. కోటు వేసుకుని, బుద్ధిగా, చేతులు ఒళ్ళో పెట్టుకుని. నా చాయ్ గ్లాసు పక్కకు నెట్టేశాను.

ఇక ఆగలేకపోయాను. "సార్, ఒక మాట అడుగుతాను. ఆటలో నాకంటే గట్టివాడనేనా అతన్ని పంపారు?" అన్నాను.

ఆయన రాయి చేతిలో పట్టుకుని ఆగిపోయారు. నిజంగా అర్థం కానట్టు చూశారు.

"ఆటా? ఆటకూ ట్రైనింగ్‌కూ ఏం సంబంధం?"

"మరి ఎందుకు పంపారు?"

"అతను వచ్చి అడిగాడు. ఇంటి పరిస్థితి చెప్పాడు, కొత్త సిస్టమ్ గురించి ఏం చదివాడో చెప్పాడు. నేను ఇంకా రెండు వారాలు ఆగాను. మీరు వస్తారని. మీరు అడగలేదు."

అడగాలని నాకు తట్టనే లేదు. పెద్దవాణ్ణి, పిలిచి ఇవ్వాలి గానీ అడుక్కోవడమేమిటి అనుకున్నాను. అది అడుక్కోవడమని నాకు ఎవరు చెప్పారో ఇప్పటికీ గుర్తు రాదు. తమ్ముళ్ళూ, ఇది చదివేవాళ్ళలో మీకు ఎవరికైనా ఇదే జబ్బు ఉంటే, దయచేసి వెళ్ళి అడగండి. ఆఫీసు తలుపు తోస్తే తెరుచుకుంటుంది. నేనెప్పుడూ తోసి చూడలేదు.

"అదీగాక షట్‌డౌన్‌కు మీరు ఇక్కడ ఉండాలి. అది మాత్రం నా స్వార్థం" అన్నారు ఆయన. నన్ను ఓదార్చడానికి అన్నారో నిజమో తెలియలేదు. మాట మార్చడానికి, "మీరెందుకు వెళ్ళలేదు సార్? మీ అన్నగారి ఆట కదా" అన్నాను.

ఆయన టీవీ వైపు చూస్తూ చెప్పారు. అన్నదమ్ములిద్దరూ ఒకే గురువు ఇంట్లో ఉండి నేర్చుకున్నారట. గిన్నెలు కడుగుతూ, నేల తుడుస్తూ, రాళ్ళు పెడుతూ. అన్న పరీక్ష నెగ్గాడు. తమ్ముడు నెగ్గలేదు, మళ్ళీ ఆడాడు, మళ్ళీ నెగ్గలేదు. వయసు దాటిపోయింది. ఇంజనీరింగ్ చదువుకున్నాడు.

"అప్పటి నుంచి అన్నయ్య ఆట ఒక్కటి కూడా హాలులో కూర్చుని చూడలేదు. పిలుస్తూనే ఉంటాడు. నాకు పని ఉందంటాను. దూరంగా ఉండే పనులే చేశాను. ఈ దేశం, అంతకుముందు ఇంకో దేశం." చేతిలో ఉన్న రాయి గిన్నెలో వేసి, "టీవీలో మాత్రం ఒక్కటి వదలను" అన్నారు.

మా మేనేజర్ అట్లా మాట్లాడతారని నేను ఎన్నడూ అనుకోలేదు.

ఆట చివరికి వచ్చింది. ఇద్దరికీ ఇచ్చిన టైము అయిపోయి, ఇక ఒక్కో రాయికీ కొన్ని సెకన్లే. పక్కన కూర్చున్న ఒకమ్మాయి సెకన్లు పైకి లెక్కపెడుతోంది. అన్నగారిది గెలుపు ఆట అని మేనేజర్ గారు చెప్పారు. ఒక మూల మాత్రం జాగ్రత్తగా మూసుకోవాలి. "ఇక్కడ పెడితే చాలు" అని మా బల్ల మీద ఒకచోట రాయి ముందే పెట్టి ఉంచారు. టీవీలో లెక్క వినబడుతోంది. అన్నగారి చెయ్యి గిన్నెలోంచి రాయి తీసింది, బల్ల మీద తడబడింది, దించింది. అక్కడ కాదు. పక్కన. తన రాళ్ళకు మిగిలిన ఆఖరి ఊపిరిని తన చేత్తో తానే మూసేశారు.

నాకు కూడా అర్థమయింది. ఆ మూలలో ఉన్న రాళ్ళన్నీ పోయినట్టే.

నేను టీవీ వైపు చూడలేదు, మేనేజర్ గారి వైపు చూశాను. ఆయన మొహంలో నవ్వు. పెద్ద నవ్వేం కాదు, పెదవి చివర్లో వచ్చి పోయింది. ఎవరికైనా చూపిస్తే లేదనే అనేవాళ్ళు. నాకు తెలుసు. భాయ్‌కి ఫ్లైట్ రద్దయిందని ఎవరైనా చెబితే నా మొహం అట్లాగే ఉండేది. వెంటనే ఆయన కళ్ళజోడు తీసి, చొక్కా అంచుతో తుడవడం మొదలుపెట్టారు. మచ్చ లేని అద్దాలను చాలాసేపు తుడిచారు.

టీవీలో అన్నగారు తల వంచి ఓడిపోయానని చెప్పారు. లావుపాటి ఆయనా తల వంచాడు. కార్యక్రమం అయిపోయింది. మేమిద్దరం టీవీ ఆపకుండా కూర్చుండిపోయాం. ఆయన చాయ్ చల్లారిపోయింది.

కొంతసేపటికి నా ఫోన్ మోగింది. భాయ్.

"అన్నా, చూసినవా?"

"చూసిన."

"సారు నీ పక్కన ఉన్నడా? సారోళ్ళ అన్న ఇక్కడ ఉన్నడు. ఓడిపోయినంక గూడ ఇద్దరు ముసలోళ్ళు లేస్తలేరు అన్నా, మల్ల అదే ఆట మొదటి నుంచి పెట్టుకుంట నగుతున్నరు. నేను దుఖాన్ నుంచి వచ్చిన్నని మేడమ్ చెప్పింది. ఆయన నన్ను పిలిచి, నా తమ్ముడు చూసిండా అని అడుగుతున్నడు. యల్లా, సారుకియ్యి ఫోను."

ఇచ్చాను. మేనేజర్ గారు లేచి నిలబడి మాట్లాడారు. జపాన్ భాష నాకు రాదు. అవతలి గొంతు గట్టిగా, ఈయన గొంతు చిన్నగా వినిపించింది. మధ్యలో ఈయన బల్ల వైపు చూశారు. తాను ముందే పెట్టి ఉంచిన రాయి మీద వేలు పెట్టి ఏదో చెప్పారు. తర్వాత ఫోన్‌లోంచి నాకు కూడా వినబడేంత పెద్ద నవ్వు. ఈయనా నవ్వారు. ఇన్నేళ్ళలో ఆయన పళ్ళు కనబడేలా నవ్వడం నేను మొదటిసారి చూశాను.

ఫోన్ నా చేతికిచ్చాక అడిగాను. "ఏమన్నారు సార్?"

"నువ్వైతే ఎక్కడ పెట్టేవాడివి అని అడిగాడు. ఇక్కడ అని చెప్పాను."

"దానికి?"

"నీ పక్కన సెకన్లు లెక్కపెట్టే అమ్మాయి లేదు కదరా అన్నాడు."

ఆయన మళ్ళీ నవ్వి, రాళ్ళు గిన్నెల్లోకి తీస్తూ, "నిజమే. నా పక్కన ఎప్పుడూ లేదు" అన్నారు.

ఆదివారం నుంచి షట్‌డౌన్ మొదలైంది. దాని గురించి చెప్పడానికేం లేదు, అట్లాంటివి మీరూ చూస్తారు. మనిషి మీద మనిషి పడి పని చేశాం. విప్పిన ప్రతి వాల్వూ నా చేతుల మీదుగానే మళ్ళీ ఎక్కింది. నేను ఇక్కడ ఉండాలని ఆయన అన్నది ఓదార్పు కాదని పని మధ్యలో ఎక్కడో అర్థమయింది. అయినా అసూయ తగ్గలేదు. గదిలో ఖాళీగా ఉన్న పక్క మంచం చూసినప్పుడల్లా ఆ హాలే గుర్తొచ్చేది. మేనేజర్ గారి గది తలుపు తోసి, వచ్చేసారి నన్ను పంపండి అని అడిగాను. తప్పకుండా అన్నారు. వచ్చేసారి అన్నది రాలేదు. ఆ కాంట్రాక్టు వేరే కంపెనీకి పోయింది, మమ్మల్ని వాళ్ళే ఉంచుకున్నారు, ఆయన రిటైరై వాళ్ళ దేశం వెళ్ళిపోయారు. అన్నగారి ఊళ్ళోనే ఉంటున్నారని, హాలుకు పోయి ముందు వరసలో కూర్చుంటున్నారని తర్వాత తెలిసింది. నేను మాత్రం జపాన్ చూడలేదు.

భాయ్ తిరిగి వచ్చే రోజు కంపెనీ బండి తీసుకుని నేనే దోహా ఎయిర్‌పోర్టుకు పోయాను. ఎవరూ పొమ్మనలేదు. అతను కోటు చేతి మీద వేసుకుని బయటికొచ్చి నన్ను చూసి ఆగిపోయాడు. తర్వాత వచ్చి గట్టిగా అలుముకున్నాడు.

దుఖాన్ రోడ్డెక్కాం. రెండు పక్కలా ఏమీ లేని నేల. కొంతదూరం ట్రైనింగ్ సంగతులు చెప్పాడు. నేను ఊఁ కొట్టాను. తర్వాత మాటలు అయిపోయాయి.

"అన్నా, సచ్ బోలో. నారాజ్ ఉన్నవా లేవా?"

అప్పుడు దాచాను గానీ ఇప్పుడు దాచదలచుకోలేదు. "ఉన్న. మస్తు నారాజ్ ఉన్న. ట్రైనింగ్ నీకొచ్చినందుకు గాదు. ఆ హాల్ల నువ్వు కూసున్నవు సూడు, దానికి. టీవీల నిన్ను చూసి నాకు కడుపు మండింది."

కోప్పడతాడనుకున్నాను. అతను కిటికీలోంచి బయటికి చూశాడు.

"నీకు ఒకటి చెప్త, నగొద్దు" అన్నాడు. "ఆ హాల్ల నాకేం సమజ్ కాలే. మొత్తం జపాన్ మాటలు. చెవుల పెట్టుకొనికె ఒకటి ఇచ్చిండ్రు, అండ్ల గూడ జపానే. ఆ మేడమ్‌కు ఆట రాదు. ముసలాయన ఎక్కడ పెట్టిండో అది గూడ దూరం నుంచి సరిగ కనబడలే. కాలు తిమ్మిరి పట్టింది. ఎంతసేపు కూసున్ననో అంతసేపు నేను ఏమనుకున్ననో ఎరుకనా?"

"ఏమనుకున్నవ్?"

"నిన్ను క్లబ్బుకు పిలుస్తనని సారు నాకు ముందే ఫోన్ల చెప్పిండు. ఇప్పుడు దుఖాన్ల అన్న సారు పక్కన కూసుని ఉంటడు, సారు ఒక్కొక్క రాయి పెట్టి ఇది ఎందుకు, అది ఎందుకు అని చెప్తుంటడు. అన్నకు నసీబ్ ఉన్నదిరా భయ్, నేను ఈడ గోడలు చూసుకుంట కూసున్న అనుకున్న. అల్లా కసమ్ అన్నా, నాకు నీ మీద గిట్ల మండింది." అని ఛాతీ మీద గుప్పిట పెట్టి చూపించాడు.

నేను బండి స్పీడు కొంచెం తగ్గించాను. అతను చెప్పింది మళ్ళీ ఒకసారి వినాలనిపించింది.

"నిజంగనా?" అన్నాను.

"నిజంగనే. మస్తు మండింది."

తర్వాత అతను మా సెక్షన్ ఇన్‌చార్జి అయ్యాడు. నేను రిటైరయ్యేదాకా అతని కిందే పనిచేశాను. సంతకాలు అతనివి, కేబిన్ అతనిది. కడుపులో మంట పూర్తిగా ఆరిందని నేను ఎవరికీ చెప్పను. కానీ ఆ రోడ్డు మీద, ఆ మధ్యాహ్నం, నా మీద ఒకరు అసూయపడ్డారని విన్నప్పుడు నాకు కలిగిన సంతోషం ఏ ప్రమోషన్‌తోనూ రాదు. అంత సంతోషపడకూడదని నాకు తెలుసు. దుఖాన్ చేరేదాకా నేను పాట పాడుకుంటూ బండి నడిపాను.